వాగు హద్దును నిర్ణయించునది ఎవరు?

2023వ సంవత్సరము జూలై 27వ తేదీ ఉదయము ఎనిమిదిన్నర గంటలతో ముగిసిన ఒక్క దినములో, ములుగు జిల్లా వెంకటాపూర్ మండలమందలి లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షము కురిసినట్లు అచ్చటి వర్షమాపకము చూపెను. అనగా ఇరువదియైదున్నర అంగుళములకు పైమాట. ఏడాది పొడుగునా పడవలసిన వానలో సుమారు సగము ఒక్క రాత్రింబవళ్లలో పడినదన్నమాట. అంతకు పదియేండ్లకు ముందు, 2013 జూలై 19వ తేదీన గోదావరి యొడ్డున వాజేడులో పడిన 517.5 మిల్లీమీటర్లే తెలంగాణమున అదివరకు హెచ్చుగా నెంచబడుచుండెను.

ఆ వానకు మోరంచవాగు పొంగి, భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లెను తెల్లవారకముందే చుట్టుముట్టెను. జనులు మిద్దెలెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. కొందరు కొట్టుకొనిపోయిరి. ఏటూరునాగారము మండలమందలి కొండాయి గ్రామములో జంపన్నవాగు ఎనిమిదిమందిని బలిగొనెను. హనుమకొండ వీధులలో నడుములోతు నీరు పారెను. రెండు దినములు గడచిన పిమ్మట భద్రకాళి చెరువు కట్ట తెగెను. ఏడాది తిరిగి రెండు నెలలు కాకముందే, 2024 సెప్టెంబరు 1వ తేదీన, ఇంటికన్నె, కేసముద్రము స్టేషనుల నడుమ వరదనీరు రైలు పట్టాల క్రింది కట్టను కోసివేసెను; ఆకేరు, మున్నేరు పొంగి, ఖమ్మము పట్టణములో ముప్పదియాఱడుగులకు పైగా నిలిచెను. ఈ యూళ్లలో ఖమ్మము పట్టణము, వాజేడు తప్ప మిగిలినవన్నియు 2016వ సంవత్సరపు విభజనకు ముందు మన వరంగల్లు జిల్లాలోనివే.

వాన యెంత పడినదో మనకు తెలియును. రాష్ట్రములో వేయికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రములున్నవి. అవి గంట గంటకు లెక్క చెప్పుచున్నవి. కాని ఆ దినము మీ యూరి వాగులో ఎంత నీరు పారినదని అడిగినచో జవాబు చెప్పువారు అరుదు. గోదావరి మీద పేరూరు, ఏటూరునాగారము, భద్రాచలముల వద్ద కేంద్ర జలసంఘమువారి కొలతలు గలవు. చిన్న వాగులలో పెక్కింటికి ఒక గుర్తుకఱ్ఱ యైనను లేదు. మనలను ముంచినవి చిన్న వాగులే గాని పెద్దయేరు కాదు.

సహకార సంఘపు పత్రికలో విత్తనములు, ఎరువులు, అప్పుల సంగతి వ్రాయక, వరద కొలతల గొడవ యేల యని కొందరు సభ్యులు అడుగవచ్చును. వాగు ఒడ్డునున్న నేల మనలో చాలమందికి మంచి నేల. ఒండ్రు పట్టి బలిసిన నేల. ఆ నేలను చూపియే సంఘములో అప్పు తీసికొందుము. ఆ యొడ్డుననే బావి త్రవ్వి మోటారు బిగింతుము. పశువుల కొట్టము వేయుదుము. కొడుకు పెండ్లి కాగానే ఒక గది కట్టుదుము. వాగు ఒక్కరాత్రి పొంగినచో మోటారు పోవును, కొట్టము పోవును, పొలములో మోకాలిలోతు ఇసుక మేట వేయును. పంట పోయినచో మఱుసటి యేట మరల పండించవచ్చును. మేట పడిన నేలను బాగుచేయుటకు పంట ఖర్చుకు రెట్టింపైనను చాలదు. అప్పు మాత్రము సంఘపు పుస్తకములో నిలిచియే యుండును. ఆ బాకీ ఒక్క రైతుది కాదు, సభ్యులందరిది. కావున వాగు ఎంతవరకు పొంగునో తెలిసికొనుట మన సంఘమునకు అప్పుల పట్టీ తెలిసికొనుట వంటిదే.

ఇప్పుడున్న హద్దును గూర్చి ముందుగా చెప్పెదను. 2012వ సంవత్సరములో, ఉమ్మడి రాష్ట్రముండగా, జారీయైన భవన నిర్మాణ నియమములలో, పురపాలక హద్దులకు వెలుపల నదికి 100 మీటర్లు, లోపల 50 మీటర్లు. పది హెక్టారులు, అంతకు మించిన చెరువునకు 30 మీటర్లు, అంతకు చిన్న చెరువునకు 9 మీటర్లు. పది మీటర్లకు మించిన వెడల్పుగల వాగునకు 9 మీటర్లు, అంతకు తక్కువదానికి 2 మీటర్లు విడువవలెనని వ్రాసిరి. ఏ హద్దును లేకుండుటకంటె ఇది మేలు. టేపు పట్టి కొలుచుట అందరికిని సులభము. అయినను ఈ హద్దు వాగును చూచి నిర్ణయించినది కాదు, కాగితమును చూచి నిర్ణయించినది.

ఇరువదియడుగుల యెత్తు గట్టుగల వాగునకు తొమ్మిది మీటర్ల యావల నీరు ఎన్నటికిని రాకపోవచ్చును. అచ్చట రైతు నిష్కారణముగా నేలను విడిచినట్లగును. గట్టు నాలుగడుగులే యుండి, నేల చదునుగా సాగిపోవు చోట, నీరు అర మైలు దూరము ప్రాకవచ్చును. అచ్చట తొమ్మిది మీటర్లు విడిచి, అనుమతి పత్రము చేతబట్టుకొని ఇల్లు కట్టినవాడు, నియమమును పాటించియే మునిగిపోవును. నీటికి మీటరు, గజము తెలియవు. దానికి తెలిసినది పల్లము ఒక్కటే. వాగు హద్దు గట్టునుండి ఇన్ని అడుగుల దూరమని గాక, ఇన్ని అడుగుల యెత్తని నిర్ణయింపబడవలెనని నా యభిప్రాయము. ఆ యెత్తు తెలియవలెనన్నచో ఎంత వరద వచ్చునో అంచనా కట్టవలెను.

అంచనా యనగానే అది ఇంజనీర్ల విద్యయని మనము వెనుదీయుదుము. దాని మూలసూత్రము ఏ రైతునకైనను అర్థమగును. ఒక యెకరము మీద గంటకు ఒక అంగుళము చొప్పున వాన పడి, అదంతయు పారినచో, ఆ పారుదల సెకనుకు ఇంచుమించు ఒక ఘనపుటడుగు, అనగా ఒక క్యూసెక్కు. ఇంతకంటె తేలికైన లెక్క లేదు. పది చదరపు మైళ్ల నీరు వచ్చి చేరు వాగొకటి యున్నదనుకొందము. పది చదరపు మైళ్లనగా 6,400 ఎకరములు. లక్ష్మీదేవిపేటలో పడిన వానను ఇరువదినాలుగు గంటలకు పంచినచో గంటకు ఒక అంగుళమునకు కొంచెము పైన. అంతటి వాన ఆ నేలయంతట పడి యంతయు పారినచో 6,800 క్యూసెక్కులు. నేల యింకించుకొన్నది, కుంటలు పట్టి నిలిపినది మూడవవంతని తీసివేసినను 4,500 క్యూసెక్కులకు తక్కువ కాదు. అదియును దినమంతటి సగటు. వాన సమముగా కురియదు. రెండు మూడు గంటలు కుండపోతగా కురిసిన వేళ పారుదల ఇంతకు ఎన్నియో రెట్లు హెచ్చవచ్చును.

ఇదే వాగునకు పాత సూత్రము ఏమి చెప్పునో చూడుడు. మదరాసు రాజధానిలోని వాగులకై రైవ్సు అను ఇంజనీరు పందొమ్మిదవ శతాబ్దపు చివర ఒక సూత్రము కట్టెను. నీరు చేరు వైశాల్యమునుబట్టి ఒక లెక్క వేసి, ప్రాంతమునుబట్టి ఒక గుణకముతో హెచ్చవేయుట ఆ పద్ధతి. కొండల దగ్గరి ప్రాంతములకు చెప్పిన పెద్ద గుణకము 675 వేసినను, పది చదరపు మైళ్ల వాగునకు వచ్చునది సుమారు 3,100 క్యూసెక్కులు మాత్రమే. ఆ లెక్కకు సరిపోవునట్లు కట్టిన మోరీ 2023 నాటి వానకు చాలదు. చాలనప్పుడు రోడ్డే కట్టయై నీటిని ఎగదన్నును; ఎగువనున్న పొలము మునుగును; తుదకు రోడ్డును తెంచుకొని నీరు దిగువ యూరిమీద పడును.

ఆ పెద్దలను తప్పు పట్టుట నా యుద్దేశము కాదు. వారికి దొరికిన గుర్తులనుబట్టి వారు సూత్రము కట్టిరి. మన హైదరాబాదు సంస్థానపు వాగుల తీరు వేఱని గ్రహించి, నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దూరు దక్కను నదులకై ప్రత్యేకముగా ఒక సూత్రము నేర్పరచిరి. ఇంజనీరింగు విద్యార్థులు నేటికిని దానిని చదువుచున్నారు. దాని వెనుక ఒక పెద్ద దుఃఖము కలదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరములో వేలాది జనుల ప్రాణములు తీసెను. ఆ వరదను పరిశీలించుటకు వచ్చిన మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు మొదట నీటి గుర్తులు వెదకి, వాన లెక్కలు తెప్పించి, నగరమునకు ఎగువ సుమారు 860 చదరపు మైళ్ల నేలలో 788 చెరువులున్నవని, వానిలో 221 తెగినవని లెక్కతేల్చిరి. నది పారిన గరిష్ఠ ప్రవాహము 4,25,000 క్యూసెక్కులని అంచనా కట్టిరి. రైవ్సు సూత్రములో పెద్ద గుణకము వేసినను ఆ వైశాల్యమునకు వచ్చునది 61,000 క్యూసెక్కులకు మించదు. వచ్చినది దానికి ఏడురెట్లు! ఆ కొలత చేతికి వచ్చినది గనుకనే వరదను పట్టియుంచుటకు జలాశయములు కట్టవలెనని ఆయన చెప్పగలిగెను. 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తియైనవి.

ఈ కథలో మన ఓరుగల్లు సీమవారికి ముఖ్యమైన మాట ఆ 221 చెరువులు. మనది గొలుసుకట్టు చెరువుల దేశము. కాకతీయుల నాటి పాకాల, రామప్ప, లక్నవరము మొదలు ప్రతి యూరి కుంటవరకు ఒకదాని మత్తడి నీరు మఱియొకదానికి చేరును. కట్ట నిలిచినంతవరకు చెరువు వరదకు కళ్లెము. కట్ట తెగినచో చెరువే వరద. పైచెరువు తెగి క్రిందిచెరువు మీద పడి, అదియును తెగి, మూడవదానిని త్రెంచి, వాగులోనికి గంటలో వచ్చి పడు నీటిని వాన లెక్కతో అందుకొనుట అసాధ్యము. కాబట్టి మన వాగులకు అంచనా కట్టువారు వానను మాత్రమే గాక, ఎగువ చెరువులెన్ని, వాని కట్టల బలమెంత, మత్తడి పొడవెంత యనికూడ లెక్కించి తీరవలెను. కాకితములమీద ఏ సూత్రమును ఈ లెక్కను దానంతట అది చేయదు.

మత్తడి ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. చెరువు కట్టినవారు మత్తడిని ఎంత పొడవుంచిరో అదియే వారి వరద అంచనా. మత్తడి పొడవును అడుగులలో కొలిచి, దానిమీద పారు నీటి లోతును అడుగులలో కొలిచినచో, పారుదలను ఇంచుమించుగా లెక్కింపవచ్చును. నూరడుగుల మత్తడిమీద రెండడుగుల నీరు పారినచో సుమారు 850 క్యూసెక్కులు. ఖర్చులేని కొలత! నీరటి ప్రతి గంటకు ఒకసారి లోతు వ్రాసియుంచినచో చాలును. మనలో కొందరు ఏమి చేయుచున్నారు? ఇంకొక కారు నీరు నిలుచునని మత్తడిమీద ఇసుక బస్తాలు పేర్చుచున్నారు. శిఖము భూమిలో సేద్యము చేయువారు తమ పైరు మునుగకుండుటకు మత్తడికి గండి కొట్టుచున్నారు. మొదటివారు కట్టకు, రెండవవారు దిగువ ఆయకట్టుకు ద్రోహము చేయుచున్నారు. ప్రభుత్వమును తప్పుపట్టుటకు ముందు ఈ రెండు పనులను మనము మానవలెను.

ఇక ‘నూరేండ్ల వరద’ యను మాట. దీనివలన కలుగు భ్రమ ఇంతింత కాదు. నూరేండ్లకు ఒకసారి వచ్చునది మొన్ననే వచ్చినది గదా, మన కాలములో ఇక రాదని చాలమంది నిశ్చింతగా నున్నారు. ఆ మాటకు అర్థము అది కాదు. ఏ సంవత్సరమందైనను అంతటి వరద వచ్చుటకు నూటికి ఒకపాలు అవకాశము కలదని అర్థము. ఆ పాలు ప్రతి యేడును క్రొత్తగా నిలుచును; నిరుడు వచ్చినది గదాయని ఈ యేడు తగ్గదు. వాగు ఒడ్డున ఇల్లు కట్టి ముప్పదియేండ్లు కాపురము చేసినవానికి ఆ వరద ఒక్కసారియైనను తగులుటకు నూటికి ఇరువదియాఱు పాళ్లు అవకాశము. ఇరువదియైదేండ్ల వరద యైనచో ఆ ముప్పదియేండ్లలో నూటికి డెబ్బదికి పైగా. భద్రాచలము చూడుడు. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు వచ్చినది. అంతటిది మరల చూడమనుకొన్నవారు, 2022 జూలై 16వ తేదీన 71.3 అడుగులు చూచిరి. అచ్చటి మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇత్తురు.

ఏ వరద ఎన్నేండ్లదో చెప్పుటకు గుర్తులు కావలెను. ఇరువదినాలుగేండ్లపాటు ప్రతి యేటి పెద్ద వరద యెత్తును వ్రాసియుంచినారనుకొందము. వానిని పెద్దదానినుండి చిన్నదానివరకు వరుసగా పేర్చవలెను. ఏండ్ల సంఖ్యకు ఒకటి కలిపి వరుస సంఖ్యతో భాగించినచో, మొదటిది ఇరువదియైదేండ్ల వరద, రెండవది పండ్రెండున్నరయేండ్లది. పెద్దబడి చదివిన పిల్లవాడు చేయగల లెక్క యిది. కొఱవడినది లెక్క కాదు, గుర్తులు.

ఇందులో నా తప్పుకూడ నున్నది. 2023లో మా దొడ్డి బావిగోడమీద నీరు నిలిచిన బురదచాఱ స్పష్టముగా నుండెను. నేను దానిమీద మేకుతో గీత గీచితిని. మఱుసటి వేసవిలో ఇంట పెండ్లి వచ్చినది. గోడలకు సున్నము వేయించితిమి, గీత పోయినది. ఆ సంవత్సరమే అంచనా కట్టుటకు వచ్చిన యొక యుద్యోగి, “నీరు ఎంతవరకు వచ్చినది?” అని అడిగినప్పుడు నేను చేయి నడుముదాక చూపితిని, మా తమ్ముడు రొమ్ముదాక చూపెను. రెంటికిని నడుమ ఒక అడుగు తేడా. వాగు ఒడ్డున చదునునేలలో ఒక అడుగు తేడా యనగా ఎన్ని యెకరములో సభ్యులు ఎఱుగుదురు. ఆయన ఏ సంఖ్య వ్రాసికొనిపోయెనో నాకు తెలియదు. మా యిద్దఱిలో ఎవరి మాట నమ్మినను తప్పు ఆయనది కాదు.

గుర్తు చెఱుగకుండ నిలుచుటకు ఏమి చేయవలెను? ఊరిలో మూడు చోట్ల—వాగు వంతెన దగ్గఱ, బడి లేక గ్రామపంచాయతి గోడమీద, పొలములలో ఒక గట్టి బండమీద—వరద యెత్తును ఉలితో చెక్కింపవలెను. ప్రక్కన తేదీని చెక్కింపవలెను. రంగుతో వ్రాసినది చాలదు. మునుపటి వరదలు చూచిన ముసలివారిని అడిగి, వారు చూపిన చోటును వేఱుగా గుర్తింపవలెను. అది జ్ఞాపకమనియు, ఇది చూచి చెక్కినదనియు స్పష్టముగా వ్రాయవలెను. రెండింటిని కలిపివేయరాదు.

పారుదలను కొలుచుట కూడ కష్టము కాదు. ఎండకాలములో వాగు తిన్నగా సాగు ఒకచోట అడ్డముగా త్రాడు కట్టి, పది పది అడుగులకు ఒకసారి త్రాటినుండి అడుగుదాక లోతు కొలిచి వ్రాయవలెను. వరద వచ్చినప్పుడు నీరు ఆ కొలతలో ఎంతవరకు నిండినదో చూచినచో నీటి అడ్డుకొలత తెలియును. గట్టుమీద నూరడుగుల దూరములో రెండు గుంజలు పాతి, కొట్టుకొనివచ్చు దుంగ యొకదానినుండి రెండవదానికి ఎన్ని సెకనులలో పోయినదో గడియారము చూచి లెక్కింపవలెను. ఉదాహరణకు నూటయేబదియడుగుల వెడల్పు, సగటున ఎనిమిదియడుగుల లోతు, అనగా 1,200 చదరపుటడుగులు. దుంగ నూరడుగులు ఇరువది సెకనులలో పోయినచో సెకనుకు అయిదడుగులు. పైనీరు అడుగునీటికంటె వడిగా పోవును గనుక నూటికి ఎనుబదియైదు పాళ్లు తీసికొన్నచో నాలుగుంబావు. రెండింటిని హెచ్చవేసినచో 5,100 క్యూసెక్కులు. ఈ లెక్కలో నూటికి పదిపదునైదు పాళ్లు తప్పుండవచ్చును. ఏమియు తెలియకుండుటకంటె అది వేయిరెట్లు మేలు. కాని ఒక్క హెచ్చరిక: ఈ పని గట్టుమీదనుండియే చేయవలెను. పారుచున్న వాగులో గాని, నీరు దాటిన వంతెనమీద గాని ఏ సభ్యుడును కాలు పెట్టరాదు. ప్రాణమునకు సరియైన క్యూసెక్కు లేదు.

ఈ కొలతలు చేతికి వచ్చినచో ఇంజనీర్లకు పని సులభమగును. దేశమును ఇరువదియాఱు ఉపమండలములుగా విభజించి, కొలతలు లేని వాగులకుకూడ ఇరువదియైదు, ఏబది, నూరేండ్ల వరదలను అంచనా కట్టు పద్ధతులను కేంద్ర జలసంఘము ప్రకటించియున్నది. మన గోదావరి వైపు వాగులు దిగువ గోదావరి ఉపమండలములోనికి, ఆకేరు, మున్నేరులు కృష్ణా ఉపమండలములోనికి వచ్చును. అయితే ఆ పద్ధతులు ఒక ప్రాంతమంతటికి పనికివచ్చు సగటు పద్ధతులు. మీ యూరి వాగునకు అవి సరిపోయినవో లేదో తేల్చునది మీ యూరి బండమీది గీతయే.

ఇప్పుడు రైతుల మనసులోని అసలు భయమునకు వచ్చెదను. “గీత గీచిరా, మా భూమి పోయినట్లే, గీత లోపలి నేలకు ధర పడిపోవును, బ్యాంకు అప్పు ఇయ్యదు” అని నాతో అన్నవారు పెక్కుమంది. ఈ భయమును తీసివేయరాదు, దానికి కారణమున్నది. ప్రాజెక్టుల క్రింద, రోడ్ల క్రింద నేల పోగొట్టుకొన్నవారు మనలో నున్నారు. అయినను వరద మైదానపు విభజన యనునది భూమి తీసికొనుట కాదు. 1975లో కేంద్ర జలసంఘము రాష్ట్రములకు పంపిన నమూనా బిల్లు ననుసరించి, ఆసుపత్రులు, విద్యుత్కేంద్రములు వంటివి నూరేండ్ల వరదకు ఎగువను, సామాన్యపు ఇండ్లు, ప్రభుత్వపు కచేరీలు ఇరువదియైదేండ్ల వరదకు ఎగువను ఉండవలెను. తఱచు మునుగు నేలను ఆటస్థలములు, తోటలు వంటి వానికి విడువవలెను. సేద్యము మానుమనుట దాని తాత్పర్యము కాదు. మునుగు నేలకు తగిన పని సేద్యమే. మణిపురము 1978లో, రాజస్థానము 1990లో, ఉత్తరాఖండము 2012లో ఇట్టి శాసనములు చేసికొన్నవి. తక్కిన రాష్ట్రములలో అధికభాగము వెనుదీయుటకు కారణము మనలో నున్న భయమే.

నిజముగా రైతునకు నష్టము చేయునది గీత కాదు, గీత లేకపోవుట. గీత లేదు గనుక ఎగువ పట్టణమువాడు నాలాను సగము పూడ్చి మేడ కట్టుచున్నాడు. ఆ నీరు మన పొలముమీదికి వచ్చుచున్నది. గీత లేదు గనుక గుత్తేదారు మూడు తూముల మోరీ వేయవలసినచోట ఒక తూము వేయుచున్నాడు. గీత లేదు గనుక వాగు ఒడ్డున ప్లాట్లు వేసి అమ్మువాడు, ఎన్నడును నీరు రాలేదని ప్రమాణము చేయుచున్నాడు. కొలత వ్రాతలో నున్నప్పుడు, “ఈ మోరీ ఇన్నివేల క్యూసెక్కులకు చాలదు” అని మనము చూపగలము. కొలత లేనప్పుడు మన మాట మొఱయే గాని వాదము కాదు.

రైతు పక్షమున మనము అడుగవలసినవి మాత్రము ఉన్నవి. గీతను గ్రామసభలో చూపి, అభ్యంతరములు విని, పిమ్మట స్థిరపఱుపవలెను. గీత లోపల ఇదివఱకే ఇండ్లున్న పేదలకు మెఱకన స్థలము చూపి, కట్టుకొనుటకు సహాయము చేసిన పిమ్మటనే కదలుమనవలెను. గీత లోపలి నేలకు పంట అప్పు నిరాకరింపరాదు. ఆ నేలకు తగిన పైరును, తగిన కాలమును సూచించి ఇయ్యవలెను. ఇసుక మేటను తీయుటకయ్యెడు ఖర్చును నష్టపరిహారములో వేఱు పద్దుగా చూపవలెను. క్రొత్త రోడ్డు గాని, కట్ట గాని, ఆనకట్ట గాని కట్టువారు దానివలన ఎగువను దిగువను నీటిమట్టము ఎంత మాఱునో ముందుగా లెక్క చూపవలెను. గీత మనకొక్కరికే గాక వారికికూడ వర్తింపవలెను. ఈ షరతులు లేని గీతను నేనును ఒప్పుకొనను.

“ఇదంతయు ప్రభుత్వము చేయవలసిన పని, మనకేల?” అను సభ్యునికి ఒక ప్రశ్న. పాల కేంద్రములో పాలు కొలుచువాడు మన మనిషి కాకున్నచో ఊరకుందుమా? తూకపురాయి సరిగానున్నదో లేదో చూడక ధాన్యము పోయుదుమా? నేల హద్దునకు సర్వే రాయి పాతునప్పుడు గొలుసు పట్టినవాని వెంట నడువని రైతు లేడు. మన నేలలో ఎంత వాగుదో, ఎంత మనదో నిర్ణయించు కొలతకు మాత్రము దూరముగా నుందుమా?

కావున రాబోవు మహాజనసభలో మూడు తీర్మానములు చేయవలెనని సభ్యులను కోరుచున్నాను. ఒకటి: సంఘము పరిధిలోని ప్రతి గ్రామములో 2023, 2024 సంవత్సరముల వరద యెత్తులను, చూచినవారి జ్ఞాపకము చెడకముందే, బండలమీద చెక్కించుట, దానికయ్యెడు స్వల్ప వ్యయమును సంఘపు నిధినుండి భరించుట. రెండు: ప్రతి చెరువు మత్తడికి, ప్రతి వాగు వంతెనకు అడుగుల గుర్తులు వేయించి, వానకాలములో లోతులు వ్రాయుటకు ఒక పుస్తకముంచి, దానిని సంఘపు కచేరీలో భద్రపఱచుట. మూడు: ఆ పుస్తకపు ప్రతిని నీటిపారుదల శాఖవారికి పంపి, మన వాగులకు నీటిమట్టమునుబట్టి వరద గీత గీయవలెనని, గ్రామసభ యెదుట గీయవలెనని అర్జీ పెట్టుట.

ఈ సంవత్సరపు వాన ఎట్లుండునో ఎవరును చెప్పలేరు. వాగు మాత్రము తన హద్దును తాను ఎఱిగియే యున్నది. మోరంచపల్లెలోను కొండాయిలోను అది తన హద్దును చూపి పోయినది. చూపినప్పుడు వ్రాసికొనకపోవుట మన తప్పు. మా బావిగోడకు ఇకముందు సున్నము వేయించునప్పుడు ఒక మూర మేర విడిచి వేయింపవలెనని చెప్పియుంచితిని. సభ్యులందరును తమ తమ గోడలను ఒకసారి చూచికొందురు గాక.